మీటింగ్ హాలు రివ్యూ: ఏసీ సూపరు, ప్లగ్గులు మాత్రం మూడే

హాలు పేరు రాయట్లేదు, బెజవాడలో బందరు రోడ్డు సైడు అనుకోండి చాలు. బారసాలకో ఎంగేజ్‌మెంట్‌కో తీసుకునేవాళ్లు ఈ రివ్యూ చదవక్కర్లేదు, మీకు బాగానే ఉంటది. మాలాగా ల్యాప్‌టాప్‌లు వేసుకుని వచ్చే బ్యాచ్‌లకే ఇది.

మేం తీసుకుంది 2025 ఆగస్టు 16న. డెబియన్ లినక్స్ (విండోస్ బదులు ఫ్రీగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్) పుట్టినరోజు అది, 1993లో అదే తేదీన మొదలైంది, పైగా వారం ముందు 9వ తేదీనే దాని కొత్త వెర్షన్ డెబియన్ 13 వచ్చింది, అక్టోబర్ 14 తర్వాత విండోస్ 10కి సపోర్ట్ ఉండదని జనం కూడా కొంచెం కంగారులో ఉన్నారు, ఇంకేం, పాత ల్యాప్‌టాప్‌లు పట్టుకురండి డెబియన్ ఫ్రీగా ఎక్కించి పంపిస్తాం అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేశాం. పదిహేను మంది వస్తే గొప్ప అనుకున్నాం, గుంటూరు తెనాలి నుంచి కూడా దిగి ఇరవై రెండు మంది అయ్యారు.

సగం రోజుకి 2500. ఆ రేటుకి ఏసీ అదిరింది, ఆగస్టు ఉక్కపోతలో బయట నుంచి రాగానే ప్రాణం లేచొచ్చింది. ప్రొజెక్టర్ ఓకే. కృష్ణాష్టమి కూడా అదే రోజు కావడంతో పక్క వీధిలో ఉట్టి మైకు ఒకటే గోల, అది వాళ్ల తప్పు కాదులెండి.

అసలు గొడవ ప్లగ్గులతో. హాలు మొత్తానికి మూడంటే మూడు, అవీ ఒకే లైను మీద. ఒక్కో చార్జర్ 65 వాట్లు వేసుకున్నా ఇరవై రెండింటికి 1430, అంతవరకు లాక్కొచ్చింది, ఇంతలో టీ కోసం ఎవరో 1500 వాట్ల కెటిల్ పెట్టారు, కాసేపటికి టప్‌మని ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోయింది. బ్యాటరీ చచ్చిన రెండు ల్యాప్‌టాప్‌లు ఇన్‌స్టాల్ మధ్యలోనే ఆగిపోయాయి, మళ్లీ మొదటి నుంచి. వాచ్‌మన్ వచ్చి తాపీగా "ఇక్కడ కెటిల్ పెడితే అంతే సార్, పడిపోద్ది" అన్నాడు. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా బాబూ!

వైఫై ఇంకో కథ. స్పీడు బాగుందనే చెప్పాలి, కానీ ఒక్కో మెషీన్‌కి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌తో కలిపి జీబీ దాకా దిగుద్ది కదా, అందరూ ఒకేసారి లాగితే ఏ కనెక్షనైనా పడుకుంటుంది. అందుకే నా ల్యాప్‌టాప్‌లో ఆప్ట్ కాషర్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుని వెళ్లా, ఒకరికి దిగిన ప్యాకేజీ మిగతావాళ్లకి నా దగ్గర నుంచే వెళ్లిపోద్ది. తీరా చూస్తే అక్కడి గెస్ట్ వైఫైలో ఒక ల్యాప్‌టాప్‌కి ఇంకోటి కనపడదు, ఐసొలేషన్ ఆన్ చేసి పెట్టారు. రౌటరేమో ఓనర్ గారి రూములో, రూముకి తాళం. చివరికి మా తమ్ముడు బండేసుకుని ఇంటికెళ్లి పాత రౌటర్ తెస్తేగానీ పని కాలేదు, అక్కడే గంట పోయింది.

ఆ గంట ఆలస్యానికి తోడు చివర్లో ఒకతను సెక్యూర్ బూట్ అనే స్టార్టప్ సెట్టింగ్ మార్చగానే బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) 48 అంకెల కీ అడిగింది, అదేమో హైదరాబాద్‌లో ఉన్న వాళ్లన్నయ్య అకౌంట్లో ఉందంట, ఆయన ఫోన్ ఎత్తి చెప్పేసరికి మా టైము దాటి ఇరవై నిమిషాలు. దానికి 300 ఎక్స్‌ట్రా తీసుకున్నారు. ఎంసీబీ పడి పోయిన టైము మాత్రం ఎవరూ లెక్కేయలేదు!

ఓనర్ గారు మనిషి మంచాయన, సాయంత్రం వచ్చాక జరిగింది చెప్తే "అయ్యో, ఒక్క ఫోన్ కొడితే తాళం తీయించేవాణ్ణి కదండీ" అన్నారు. నంబర్ ఇస్తే కదా కొట్టేది, బుకింగ్ అంతా వాచ్‌మన్ ద్వారానే అయింది.

ఐదుకి మూడిస్తా, అందులో రెండు ఏసీకే. సెప్టెంబర్ మూడో శనివారం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డేకి మళ్లీ ఇక్కడే మాట్లాడా, ఆ రేటుకి ఇంకోటి దొరకలేదు మరి. రౌటర్ మనదే, టీ మాత్రం కింద బడ్డీకొట్టు నుంచి ఫ్లాస్కులో.