రాతి కడీలు, జాలీ, వాక్కాయ కంచె: పదేళ్లు వాడాక

చౌటుప్పల్ దగ్గర మాకున్న రెండెకరాల మామిడి, జామ తోట చుట్టూ రాతి కడీలు పాతి చైన్‌లింక్ జాలీ వేయించి పదేళ్లు దాటింది. జాలీ మీద రెండు వరసల ముళ్లతీగ లాగించాం, లోపలివైపు వాక్కాయ మొక్కలు పెట్టాం. కంచె ముందుగా పాడయ్యేది మూలల దగ్గర, నేల దగ్గర. డబ్బు కాస్త ఎక్కువైనా పెట్టాల్సింది అక్కడే. కొట్టుకెళ్తే మాత్రం అందరూ జాలీ రేటు గురించే మాట్లాడతారు.

కడీలకు నేను పూర్తి మార్కులు వేస్తాను. రాయికి చెద పట్టదు, తుప్పు పట్టదు. ఏడడుగుల కడీలు తెచ్చి, రెండడుగులు భూమిలోకి పోనిచ్చి, పదడుగులకు ఒకటి చొప్పున పాతించాం. మధ్యలో వచ్చేవాటికి మట్టి, చిన్న రాళ్లు వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టించినా చాలు. మూల కడీలకు అలా కుదరదు. జాలీని లాగి బిగించినప్పుడు ఆ లాగుడంతా వాటి మీదే పడుతుంది. అందుకే మూలల్లో కాంక్రీట్ పోయించి, రెండు వైపులా ఏటవాలుగా సపోర్టు కడీలు ఆనించాం. పొడవాటి వరసల మధ్యలో కూడా అక్కడక్కడా ఇలాగే చేయించాం. మా పక్క పొలంలో సపోర్టులు లేకుండా వేశారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి మూలలు లోపలికి ఒరిగి, జాలీ తడి బట్టలు ఆరేసిన తాడులా జారిపోయింది. అదే జాలీ, అదే కొట్టు.

రాయితో ఉన్న ఇబ్బంది ఒక్కటే, వంగదు. ట్రాక్టర్ ట్రాలీ తగిలితే విరుగుతుంది. లారీ నుంచి దించేటప్పుడే కొన్ని పోతాయి కాబట్టి నాలుగైదు ఎక్కువే చెప్పుకోండి. పాతే ముందు ప్రతి కడీనీ సుత్తితో తట్టి చూడండి. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పగులుంటే మొద్దుగా మోగుతుంది.

ఇక జాలీ. గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 10 గేజ్ అంటే దాదాపు 3.25 మిల్లీమీటర్లు, 12 గేజ్ అంటే 2.64. చూడ్డానికి తేడా పెద్దగా కనిపించదు కానీ, అదే కన్ను (జాలీలోని రంధ్రం) సైజులో 10 గేజ్ జాలీ 12 గేజ్ కంటే ఒకటిన్నర రెట్లు బరువుంటుంది. జాలీని చాలాచోట్ల కిలోల్లో అమ్ముతారు కాబట్టి ఖర్చు కూడా అలాగే పెరుగుతుంది. చిన్న తోటకు, మేకలూ కుక్కలూ రాకుండా ఉంటే చాలనుకునేవాళ్లకు 12 సరిపోతుంది. గేదెలు ఒళ్లు రుద్దుకునే దారి పక్కన 10 గేజే వేయించండి. తీగ లావుతో పాటు దాని మీది జింక్ పూత ఎంత మందమో కూడా అడగాలి. జాలీకి ఐఎస్ 2721, ముళ్లతీగకు ఐఎస్ 278 అని భారతీయ ప్రమాణాలున్నాయి, బిల్లు మీద రాయించుకోండి.

పూత సంగతి నాకు బాపట్ల దగ్గర మా చెల్లి వాళ్ల కొబ్బరి తోటలో బాగా కనిపించింది. మా దగ్గర ఇంకా మెరుస్తున్న రకం తీగే అక్కడి ఉప్పుగాలికి చాలా ముందుగా ఎర్రబడింది. వాళ్లు వేసిన సరుగుడు గుంజలు కూడా నేల మట్టం దగ్గరే పుచ్చిపోయాయి. సముద్రం దగ్గరున్నవాళ్లు సిమెంట్ స్తంభాలు, పీవీసీ పూత ఉన్న జాలీ చూసుకోవడం మేలు.

మాకు అసలు టెన్షన్ అడవిపందులతో. అవి జాలీ మీదికి ఎక్కవు, కింద ముట్టెతో లేపి దూరతాయి. జాలీ అంచును అడుగు లోతు గాడిలో పూడ్చి, నేలను ఆనుకుని ఒక వరస ముళ్లతీగ బిగించాక ఆ బాధ చాలావరకు తగ్గింది. మట్టిలో ఉన్న జాలీకి తుప్పు త్వరగా వస్తుంది, అది తప్పదు. అది తిన్నచోట అతుకు వేయించుకుంటున్నాం. కోతులను ఏ జాలీ ఆపలేదు.

పందుల కోసం తీగలకు నేరుగా కరెంటు పెట్టేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అది నేరం, దానికి ప్రతి ఏటా మనుషులు బలవుతున్నారు. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతే చనిపోయిన సందర్భాలున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. సోలార్ ఫెన్సింగ్ వేరు. అందులో తీగకు కరెంటు పంపే ఎనర్జైజర్ అనే పరికరం సెకనుకొకసారి, క్షణకాలం మాత్రమే షాక్ ఇస్తుంది. దానికైనా గడ్డి తీగను తాకితే బలం తగ్గుతుంది, కాబట్టి కలుపు తీస్తూనే ఉండాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వాక్కాయ కంచె. రెండు మూడు అడుగులకో మొక్క పెట్టి, మొదటి రెండు వేసవులు నీళ్లు పోసి, ఏటా కత్తిరిస్తూ వచ్చాం. నాలుగేళ్లకు చెయ్యి దూరనంత దట్టంగా అల్లుకుంది. పైగా వానాకాలంలో వాక్కాయ పప్పు, పచ్చడి! పిట్టలు గూళ్లు కూడా పెడుతున్నాయి. రేపు జాలీ పోయినా ఇది ఉంటుంది. డబ్బు తక్కువున్నవాళ్లు ముళ్లతీగ మాత్రం వేసి, వెంటనే వాక్కాయ పెట్టుకోండి. ఎండు కంపను నమ్ముకుంటే ఏటా కొత్తగా కొట్టాల్సిందే.

ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఎకరాలు కాదు, చుట్టుకొలత చూడండి. చదరంగా ఉన్న ఎకరానికి దాదాపు 835 అడుగుల కంచె కావాలి. అదే ఎకరం వంద అడుగుల వెడల్పుతో సన్నగా ఉంటే 1,070 దాటుతుంది. పక్క రైతు ఒప్పుకుంటే ఉమ్మడి గట్టు మీద ఖర్చు పంచుకోవచ్చు.

గేటును మాత్రం రాతి కడీకి వేలాడదీయకండి. రోజూ తీసి వేసే ఊపుకు బందుల దగ్గర రాయి పగులుతుంది. లావు ఇనుప పైపుగానీ సిమెంట్ పిల్లరుగానీ కట్టించి, ట్రాలీ తిరిగేలా 12 అడుగుల వెడల్పు ఉంచండి. గేటు కింద సందు ఉంటే పందులకు అదే దారి, అక్కడ అడ్డంగా ఒక బండ పరిపించండి.