రాయి పుట్టని సీమ నుంచి రాళ్ల దారికి: ఏ టైరు, ఎక్కడ బస

ధవళేశ్వరం దాటి కిందికి వచ్చాక మన డెల్టాలో రాయి అంటే ఎవరో తెచ్చి పేర్చిందే తప్ప నేలలో పుట్టింది కాదు. 1852లో కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్టకు కూడా రాయిని ధవళేశ్వరం కొండనుంచే తవ్వారు. ఆ దిగువన అంతా ఒండ్రు, రేగడి, చివర్లో సముద్రపు ఇసుక. అలాంటి చోట కాపురం ఉంటూ బండరాళ్లు ఎక్కే టైర్ల గురించి మాట్లాడితే రాజోలు సెంటర్లో నవ్వుతారు. నవ్వనీయండి. మా బండి ఇంటి దగ్గర కాలవ గట్టు బురదలో నడవాలి, సెలవులకు మారేడుమిల్లి వైపు రాళ్లెక్కాలి, చుట్టాలొస్తే అంతర్వేది ఇసుక దాకా పోవాలి. మధ్యలో ఉన్నదంతా తారు రోడ్డు. నాలుగింటికీ అవే చక్రాలు.

ఈసారి రెండు బళ్లలో బయల్దేరాం. నాది థార్, మా బావమరిదిది జిమ్నీ, రెండూ నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే జీపు తరహా బళ్లే. వాడికి టైర్లు మార్చాలన్న కోరిక ముదిరి చాలాకాలమైంది. "మడ్ టైర్లేస్తే బండి లుక్కే వేరు బావా" అంటాడు. మడ్ టైరంటే బురద కోసం పెద్ద దిమ్మలు, పెద్ద సందులతో చేసింది. లుక్కు సంగతి ఎలా ఉన్నా, ముందు పాత టైర్లతో రాళ్ల దారి చూసొచ్చి, తర్వాత కొందామని ఒప్పించాను. రావులపాలెం మీదుగా ఆత్రేయపురం పోయి పూతరేకులు కట్టించుకుని, బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ ఎక్కి రాజమండ్రి చేరాం.

టైర్లు చూడాలంటే అమలాపురం కంటే రాజమండ్రి నయం. అమలాపురంలో కార్ల సైజులు కావలసినన్ని ఉంటాయి, ఆల్ టెరైన్ (రోడ్డుకీ మట్టికీ రాయికీ కలిపి చేసిన టైరు) అంటే మాత్రం "తెప్పిస్తామండి" అనే మాటే ఎక్కువ వినపడింది. రాజమండ్రిలో కనీసం చేత్తో తడిమి చూడొచ్చు. ఒక షాపులో మాత్రం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద తయారీ తేదీ చూస్తానంటే టైరు చుట్టిన కవరు విప్పడానికి ఇష్టపడలేదు. అక్కణ్ణుంచి లేచొచ్చేశాం. నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని. గోడౌనులో ముసలిదైపోయిన టైరు బటన్ (నేలకు తగిలే ట్రెడ్ దిమ్మలు) ఎంత లోతుగా ఉన్నా రబ్బరు బిరుసెక్కిపోయి ఉంటుంది. తడిరాయి మీద అది జారుతుంది.

అందరూ బటన్ చూసి కొంటారు. రాయి మీద నిలబెట్టేది మాత్రం సైడ్‌వాల్. గాలి తగ్గించినప్పుడు టైరు మెత్తబడి రాయి ఆకారాన్ని పట్టుకుని కూర్చోవాలి, అలా కూర్చున్నప్పుడు పక్కనున్న మొన దాన్ని కోసేయకూడదు. ఎత్తూ గట్టిదనమూ రెండూ కావాలి. థార్‌లో 255/65 ఆర్18, 245/75 ఆర్16 అని రెండు సైజులొచ్చాయి. మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది అందులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. లెక్క వేస్తే మొదటిదానికి సైడ్‌వాల్ 166 మిల్లీమీటర్లు, రెండోదానికి 184. మొత్తం ఎత్తులో రెండోది ఒకటిన్నర సెంటీమీటర్లు తక్కువే, కానీ రిమ్ముకీ రాయికీ మధ్య రబ్బరు ఎక్కువ. అలాయ్ పెద్దదైతే ఊళ్లో అందం. రాళ్లలోకి పోయే ఉద్దేశముంటే చిన్న రిమ్మే కొనండి.

పెద్ద టైరు వేస్తే బండి ఎత్తు పెరుగుతుందని ఇంకో ఆశ. జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15. 215/75 వేస్తే టైరు సెంటీమీటరు పెరుగుతుంది, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య గేర్ల గుండు) కింద ఖాళీ పెరిగేది అందులో సగం. ఆ అర సెంటీమీటరు కోసం స్పీడోమీటరు తప్పు చూపడం, మైలేజీ పడిపోవడం భరించాలి. వెడల్పు, సైడ్‌వాల్ బలం కోసం మార్చుకుంటే సరే.

రంపచోడవరం దాటాక తారు రోడ్డు బాగుంది, మలుపులు ఎక్కువ. మారేడుమిల్లిలో అటవీశాఖ ఆధ్వర్యంలో నడిచే వనవిహారిలో దిగాం. గదులు సాదాసీదా, చుట్టూ చెట్లు, బళ్లు పెట్టుకోవడానికి చోటు. కుటుంబంతో వచ్చేవాళ్లకు అదే సుఖం. వారాంతాల్లో ముందుగా బుక్ చేసుకోకపోతే దొరకదు. ఊరి చివర ఒక ప్రైవేటు బస కూడా చూశాం. ఫొటోల్లో వాగు పక్కనే, చేరడానికి మాత్రం చాలా దూరం నడక, పైగా ధర రెట్టింపు. బొంగు చికెన్ రోడ్డు పక్క బళ్ల దగ్గర తినండి, వెదురు బొంగు మీ కళ్లముందే కాలుతుంది.

గుడిస కొండకు చాలామంది అక్కడి అద్దె జీపుల్లోనే పోతారు. సొంత బండిని రాళ్లకు అప్పగించడం ఇష్టం లేనివాళ్లకు అదే మంచి దారి. ఆ బళ్లకు ఉన్నవి మామూలు టైర్లే, గమనించండి. ఏ రాయిమీద చక్రం పెట్టాలో, ఏది పక్కనుంచి వదిలేయాలో ఆ డ్రైవర్లకు కంఠతా వచ్చు. నేను వాల్వు నొక్కి గాలి తీస్తుంటే ఒకాయన ఆగి, "అంత తీసేశారు, మళ్లీ ఎక్కడ కొట్టించుకుంటారండీ? రంపచోడవరం దాకా పోవాలండి" అన్నాడు. డిక్కీలో కంప్రెసర్ చూపించాక నవ్వి వెళ్లిపోయాడు. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే బొమ్మ కంప్రెసర్లు చాలావరకు రెండో టైరుకే వేడెక్కి ఆగుతాయి. బ్యాటరీకి నేరుగా తగిలించేది తీసుకోండి.

తారు మీద 30 పీఎస్‌ఐ పైన ఉండే గాలిని థార్‌లో 18కి, తేలికైన జిమ్నీలో 16కి దించాం. లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే గేర్ల వరస), మొదటి గేరు, కాలు యాక్సిలరేటరు మీద లేనట్టే. అంతకుముందు ఎగిరెగిరి పడ్డ జిమ్నీ ఆ గాలితో అదే రాయి మీదుగా పిల్లి నడిచినట్టు నడిచింది. కంపెనీ రోడ్డు టైర్లే అవి. బీడ్‌లాక్ (టైరు అంచును రిమ్ముకు బిగించి పట్టే రింగు) లేని రిమ్ములకు 15 కిందికి దించితే, స్టీరింగ్ గట్టిగా తిప్పినప్పుడు టైరు రిమ్ము వదిలేసే ప్రమాదం ఉంది. వాగు రాళ్ల మీద పాచి పట్టి ఉంటుంది. అక్కడ సన్నగీతలున్న ఆల్ టెరైన్ పట్టినట్టు, గీతల్లేని పెద్దదిమ్మల మడ్ టైరు పట్టదు. మడ్ టైరు గెలిచేది లోతైన బురదలో, మొనదేలిన పొడిరాళ్లలో. రోడ్డు టైరు ఓడిపోయేది కోతకు. జిమ్నీ వెనక టైరు సైడ్‌వాల్ మీద ఒక గాటు పడింది. గాలి దిగలేదు గానీ దాన్ని నమ్మి ఘాట్ దిగలేం. ట్రెడ్‌లో మేకు దిగితే ఏ పంక్చర్ షాపులోనైనా నిమిషాల్లో పూడుస్తారు, సైడ్‌వాల్ చిరిగితే స్టెపినీయే దిక్కు. కాబట్టి కొనేది నాలుగు కాదు, అయిదు.

అటవీశాఖ వద్దన్న దారుల్లోకి, వానాకాలం వాగుల్లోకి పోవడం ఏ టైరుతోనూ పని కాదు.

తిరిగొచ్చాక మన రేగడి. వాన పడ్డ ఏటిగట్టు మీద, రొయ్యల చెరువుల మధ్య దారుల్లో ఆ మట్టి బటన్ సందుల్లో కూరుకుపోయి టైరు నున్నటి రోకలిబండలా అవుతుంది. మడ్ టైరుకు సందులు పెద్దవి, చక్రం వేగంగా తిరిగితే మట్టి విదిలించుకుంటుంది. కానీ ఆరడుగుల గట్టు మీద, పక్కనే కాలవ పెట్టుకుని, చక్రం వేగంగా ఎవరు తిప్పుతారు? అక్కడ పనికొచ్చేవి చక్రం కింద అడ్డంగా వేసే కొబ్బరి మట్టలు, ఆ తర్వాత పక్క చేలోని ట్రాక్టరు.

అంతర్వేదికి పోతూ దిండిలో ఆగాం. వశిష్ఠ ఒడ్డున టూరిజం రిసార్టు, హౌస్‌బోట్లు, చించినాడ వంతెన. పిల్లలుంటే ఇక్కడ పడుకుని అంతర్వేది పొద్దున్నే వెళ్లి రావడం మేలు. అంతర్వేదిలో ఉత్సవాలప్పుడు గది దొరకడం గగనం. ఇసుకలోనూ అదే 16, 18 గాలి, నిదానమైన మలుపులు. లోతు బటన్ ఇక్కడ ఇసుకను తవ్వి బండిని దించేస్తుంది, రోడ్డు టైరే తేలుతుంది. శీతాకాలం చివరినుంచి వేసవి మొదలు వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి, ఆ రోజుల్లో ఒడ్డు ఇసుకలోకి బండి దించకండి. సఖినేటిపల్లి రేవులో పంటు మీద నరసాపురం దాటాక రిమ్ములు, బ్రేకులు మంచినీళ్లతో కడిగించాం.

బావమరిదికి చివరికి 215/75 ఆర్15 ఆల్ టెరైన్ అయిదు తీసుకున్నాం. షాపువాళ్లు ఎక్కువ ప్లైల (పొరల) ఎల్‌టీ, అంటే లైట్ ట్రక్ రకం ఇంకా గట్టిదని చూపించారు. పన్నెండు వందల కిలోల బండి కింద అది గాలి తీసినా వంగదు, చెక్కచక్రంలా ఉంటుంది. అది వద్దని మామూలు రకమే బిగించి, అలైన్‌మెంట్ చేయించాం. మడ్ టైర్లకయ్యే అదనపు డబ్బు కంప్రెసర్‌కు సరిపోయింది. లుక్కు గురించి వాడింకా సణుగుతూనే ఉన్నాడు.