ఏడేళ్ళుగా ఒకే యూఎస్‌బీఏఎస్‌పీ: "టార్గెట్ పలకట్లేదు" అంటే చిప్ పోయినట్టు కాదు

2018లో కోఠీ గుజరాతీ గల్లీలో 250 రూపాయలు పెట్టి కొన్నాను ఈ యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్‌ని. కంప్యూటర్‌లో రాసిన కోడ్‌ని చిప్‌లోకి ఎక్కించే పరికరం ఇది. వేలెడంత బోర్డు, దాని మీద ఒక ఏటీమెగా8 చిప్, ఒక 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (చిప్ నడిచే వేగాన్ని ఇచ్చేది), చివర పది పిన్నుల రిబ్బన్ కేబుల్. ట్యాంక్ నిండగానే మోటార్ ఆపే కంట్రోలర్లు కుషాయిగూడలో మా ఇంట్లోనే చేసి అమ్ముతుంటాను. వాటిలో ఏటీమెగా328పీ చిప్ వేస్తాను. ఇన్నేళ్ళలో ఆ చిప్పులన్నిటికీ కోడ్ డంప్ చేసింది ఈ ఒక్క ముక్కే. కొనొచ్చా అంటే, నిస్సందేహంగా కొనండి. కాకపోతే మొదటి వారం ఇది నన్ను బాగా ఏడిపించింది. కారణం తెలియక మంచి చిప్పుల్ని పారేస్తున్నవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

దీని డిజైన్ థామస్ ఫిష్ల్‌ది. సర్క్యూట్, ఫర్మ్‌వేర్ (దాని లోపల నడిచే ప్రోగ్రామ్) రెండూ అందరికీ ఇచ్చేశాడు. దాంతో ఎవరు పడితే వాళ్ళు తయారు చేస్తున్నారు. మన చేతికి వచ్చేవి చాలావరకు ఆ నకళ్ళే. అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

కొత్త చిప్ తెచ్చి బ్రెడ్‌బోర్డు మీద పెట్టాను. పవర్, గ్రౌండ్, రీసెట్, మోసీ (చిప్‌కి డేటా వెళ్ళే లైను), మీసో (చిప్ జవాబు వచ్చే లైను), ఎస్‌సీకే (ఆ రెంటికీ వేగం ఇచ్చే క్లాక్ లైను) అన్నీ పిన్ చూసి పిన్ కలిపాను. కంప్యూటర్‌లో ప్రోగ్రామర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఏవీఆర్‌డ్యూడ్. అది నడిపితే రెండు ముక్కలు వచ్చాయి. ఒకటి, ఎస్‌సీకే పీరియడ్ సెట్ చేయలేకపోతున్నాను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూసుకో అనే హెచ్చరిక. రెండోది, టార్గెట్ (అంటే కోడ్ ఎక్కించాల్సిన చిప్) పలకట్లేదు అనే ఎర్రర్. మొదటిది పట్టించుకోనక్కర్లేదని అందరూ అన్నారు, నేనూ పట్టించుకోలేదు. వైర్లు మార్చాను, కంప్యూటర్ మార్చాను, చిప్ మార్చాను. అదే మాట. ఇంట్లో ఉన్న రెడీమేడ్ ఆర్డ్యూయినో ఊనో బోర్డు మీది అదే రకం చిప్‌కి తగిలిస్తే మాత్రం క్షణంలో పలికింది. అంటే ప్రోగ్రామర్ మంచిదే, చిప్పులే చచ్చినవి అనుకుని దుకాణానికి వెళ్ళి గట్టిగా అడిగాను. ఆయన పాపం మారుమాట్లాడకుండా రెండు కొత్తవి ఇచ్చాడు. అవీ అంతే!

తప్పు ఆ చిప్పులదీ కాదు, ఆయనదీ కాదు. ఫ్యూజులంటే చిప్ ఎలా నడవాలో చెప్పే సెట్టింగులు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఏటీమెగా328పీలో "లో ఫ్యూజ్" విలువ హెక్స్ 62. అంటే లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌ని ఎనిమిదితో భాగించి 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. ప్రోగ్రామర్ పంపే ఎస్‌సీకే ఈ వేగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి, అంటే 250 కిలోహెర్ట్జ్ లోపు. యూఎస్‌బీఏఎస్‌పీ మామూలుగా పంపేది 375. చిప్‌కి ఆ మాట అందదు, అందనిదానికి జవాబు ఏమిస్తుంది? ఊనో బోర్డు మీది చిప్ 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో నడుస్తుంది కాబట్టి దానికి ఆ వేగం లెక్కే కాదు. ఏవీఆర్‌డ్యూడ్‌లో "మైనస్ బి 10" అని ఇస్తే ఎస్‌సీకే దాదాపు 94 కిలోహెర్ట్జ్‌కి దిగాలి. నా నకలులో ఉన్న పాత ఫర్మ్‌వేర్‌కి ఆ ఆజ్ఞే తెలియదు. అందరూ వదిలేయమన్న హెచ్చరిక చెబుతున్నది సరిగ్గా ఇదే.

బోర్డు మీద జేపీ3 అని రెండు చిన్న రంధ్రాలున్నాయి. అవి కలిపితే ఎస్‌సీకే 8 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. నా దాంట్లో పిన్నులు కూడా పెట్టలేదు, ఉత్త రంధ్రాలే. ఒక రెసిస్టర్ కాలు కత్తిరించి, యూ ఆకారంలో వంచి, రెండు చుక్కల సోల్డర్ పెట్టాను. మళ్ళీ నడిపితే సిగ్నేచర్ (చిప్ తన రకం చెప్పుకునే గుర్తు) 1ఇ 95 0ఎఫ్ అని వచ్చింది. రాత్రి పన్నెండు దాటింది. కేక వేశాను, మా అమ్మ లేచి వచ్చింది. "చచ్చిన" చిప్పులు ఒక్కొక్కటే పెట్టి చూస్తే అన్నీ బతికే ఉన్నాయి. మర్నాడే దుకాణానికి వెళ్ళి ఆయన మార్చి ఇచ్చిన రెంటికీ డబ్బులిచ్చి వచ్చాను.

8 కిలోహెర్ట్జ్ మీద పది కిలోబైట్ల కోడ్ ఎక్కించి సరిచూడటానికి నిమిషం పైనే పడుతుంది. కాబట్టి ఆ వేగంలో ముందు లో ఫ్యూజ్ ఒక్కటీ ఇ2 చేసి, చిప్‌ని 8 మెగాహెర్ట్జ్‌కి తెచ్చుకుని, జంపర్ తీసేసి మామూలు వేగంలో కోడ్ ఎక్కించేవాణ్ణి. తర్వాత ఊనోనే ప్రోగ్రామర్‌గా వాడి, యూఎస్‌బీఏఎస్‌పీలో జేపీ2 కలిపి, దాని ఏటీమెగా8 లోకి 2011 మే నాటి ఫర్మ్‌వేర్ ఎక్కించాను. ఊనో తనంతట తాను రీసెట్ అవకుండా దాని రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ పెట్టాలి. ఆ రోజు నుంచి హెచ్చరిక లేదు, మైనస్ బి చెప్పినట్టు వింటోంది. మీరు నకలు కొంటే చేయాల్సిన మొదటి పని ఇదే. అరగంట పని.

దీని మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఒక్కటే. పది రకాల జబ్బులకి ఒకే మాట చెబుతుంది. మా రెండో మోడల్ బోర్డులో మళ్ళీ "టార్గెట్ పలకట్లేదు". బోర్డు బయట పెడితే చిప్ పలుకుతుంది, బోర్డులో పెడితే పలకదు. మల్టీమీటర్‌తో కేబుల్ అంతా చూశాను, బీప్ బాగానే వస్తోంది. చివరికి దొరికింది దొంగ: ఫ్లోట్ స్విచ్ వైరు మీద వచ్చే నాయిస్ ఆపడానికి నేనే పెట్టిన 0.1 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్. ఆ స్విచ్‌ని 18వ పిన్‌కి ఇచ్చాను, అదే మీసో. చిప్ జవాబిస్తోంది, కానీ కెపాసిటర్ నిండి ఖాళీ అయ్యే లోపే తర్వాతి బిట్ వచ్చేస్తోంది. పిన్‌కీ కెపాసిటర్‌కీ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్ వేశాక ఆ సమస్య మళ్ళీ రాలేదు. బోర్డు మీద చిప్ పలకకపోతే మోసీ, మీసో, ఎస్‌సీకే మీద ఇంకేమేం తగిలించారో ముందు చూడండి.

3.3 వోల్ట్ల జంపర్‌ని నమ్మకండి. నా బోర్డు మీద ట్రేస్ వెంట పోయి చూశాను. అది టార్గెట్‌కి వెళ్ళే వీసీసీని (పవర్‌ని) మాత్రమే మారుస్తుంది. ప్రోగ్రామర్ చిప్ ఎప్పుడూ 5 వోల్ట్ల మీదే ఉంటుంది, దాని సిగ్నల్ లైన్లూ అంతే. ఎస్‌డీ కార్డు లాంటిది అదే లైన్ల మీద ఉంటే విప్పి పక్కన పెట్టి డంప్ చేయండి.

ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో కరెంటు దించే బోర్డులుంటాయి. అవి మెయిన్స్‌లో ఉండగా ప్రోగ్రామర్ తగిలించడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. ఆ బోర్డు గ్రౌండ్ నేరుగా లైనుకి కలిసి ఉంటుంది, మీ ల్యాప్‌టాప్ బాడీ దాకా వస్తుంది. ప్లగ్గు పీకాకే కేబుల్ పెట్టండి.

మిగతావి చిన్నవి. సిగ్నేచర్ 1ఇ 95 14 వస్తే మీ దగ్గరున్నది 328పీ కాదు, పీ లేని 328. అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌లో వస్తే మీసో వైరు, పవర్ చూడండి. 20వ పిన్ ఏవీసీసీకి కూడా పవర్ ఇవ్వాలి, చాలామంది వదిలేస్తారు. విండోస్‌లో జాడిగ్ అనే టూల్‌తో డ్రైవర్ వేసుకోవాలి. రిబ్బన్ కేబుల్ మూడేళ్ళకి లోపల తెగింది, కొత్తది వేశాను.

ఇక ఇది చేయలేని పని ఒకటుంది. మా వీధిలో డిప్లొమా చదివే కుర్రాడు పోయినేడు ఫోన్ చేశాడు.

"అన్నా, ఫ్యూజ్ మార్చాక చిప్ పలకట్లేదు."

"క్రిస్టల్ పెట్టావా తమ్ముడూ?"

"లేదన్నా."

అప్పటికి అదే కారణం. క్రిస్టల్ కావాలని ఫ్యూజ్‌లో చెప్పి క్రిస్టల్ పెట్టకపోతే చిప్‌కి క్లాకే ఉండదు. ఊనోలో టైమర్1తో 8 మెగాహెర్ట్జ్ తయారు చేసి చిప్ 9వ పిన్‌కి ఇస్తే లేచి కూర్చుంది. నెల తర్వాత మళ్ళీ వచ్చాడు, ముఖం వాడిపోయి ఉంది. ఈసారి హై ఫ్యూజ్ డి9 రాయబోయి 59 రాశాడు. ఏవీఆర్ ఫ్యూజుల్లో బిట్ సున్నా అయితేనే ఆ పని ఆన్ అయినట్టు. ఆ ఒక్క అంకెతో పై బిట్ సున్నా అయి, రీసెట్ పిన్ మామూలు పిన్ అయిపోయింది. రీసెట్ లేనిదే ఈ ప్రోగ్రామర్ లోపలికి వెళ్ళలేదు. ఎంత నెమ్మదిగా పిలిచినా లాభం లేదు. రీసెట్ మీద 12 వోల్ట్లు పెట్టి పారలల్‌గా రాసే ప్రోగ్రామర్ కావాలి, అది నా దగ్గర లేదు.

ఆ చిప్‌ని పారేయనివ్వలేదు. చిన్న కవర్లో వేసి మీద "59" అని రాసి సొరుగులో పెట్టాను. దసరా సెలవుల్లో వాడూ నేనూ కూర్చుని ఊనోతోనే ఆ 12 వోల్ట్ల ప్రోగ్రామర్ కట్టాలనుకున్నాం. కావాల్సిన రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్ వాడు అప్పుడే కొనుక్కొచ్చాడు.