‘బ్రేక్ స్టఫ్’: తొమ్మిదేళ్లుగా వింటున్న రికార్డు

జాజ్ పియానిస్టు విజయ్ అయ్యర్ త్రయం (పియానో, బాస్, డ్రమ్స్) వాయించిన ఈ సీడీని 2016లో కొన్నాను. మొదట్లో ఇందులోని ‘హుడ్’ అనే రచన వచ్చినప్పుడల్లా దాటేసేవాణ్ణి. ఒకే స్వరం మీద ఎవరో పంతం పట్టి కూర్చున్నట్టు ఉండేది. డెట్రాయిట్ టెక్నో (ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం) సంగీతకారుడు రాబర్ట్ హుడ్‌కు అది నివాళి అని తరువాత తెలిసింది. తెలిసినంత మాత్రాన చెవికి ఎక్కదు కదా!

పియానో మీద నుంచి చెవి తీసి మార్కస్ గిల్మోర్ డ్రమ్స్ వెంట పడిన రోజున ఎక్కింది. ఈయన పేరుమోసిన జాజ్ డ్రమ్మర్ రాయ్ హేన్స్ మనవడు. దెబ్బ పడుతుందని మనం కాచుకున్న చోట ఖాళీ వదిలి, పక్కన ఎక్కడో మెల్లగా తాకుతాడు. జాజ్‌లో ‘బ్రేక్’ అంటే మిగతావారు ఆగి చోటు ఇవ్వడమే. ఇందులో ముగ్గురూ ఒకరికొకరు ఆ చోటు ఇచ్చుకుంటూనే ఉంటారు.

‘మిస్టరీ ఉమన్’ లయలో దక్షిణ భారత మృదంగపు లెక్కలున్నాయి. అయ్యర్ తల్లిదండ్రులు తమిళనాడు నుంచి అమెరికా వెళ్లినవారు. అలాగని ఇందులో తంబురా శ్రుతి, రాగాలాపన వెతకవద్దు. తీసుకున్నది నడక మాత్రమే. తాళం వేస్తూ వినబోయి, సమం (తాళం మొదలయ్యే దెబ్బ) చిక్కక చాలాసార్లు మధ్యలోనే తప్పాను.

‘బ్లడ్ కౌంట్’ వేరే లోకం. జాజ్ స్వరకర్త బిల్లీ స్ట్రేహార్న్ 1967లో ఆసుపత్రి మంచం మీద ముగించిన రచన. అయ్యర్ ఒంటరిగా, ఎక్కడా కన్నీళ్లు పిండకుండా వాయించారు. రాత్రి దీపాలు ఆర్పాక వినవలసినది.

2014లో న్యూయార్క్‌లో రికార్డు చేసి, మరుసటి ఏడాది ఈసీఎం అనే రికార్డు సంస్థ విడుదల చేసింది. ధ్వని చాలా శుభ్రంగా ఉంటుంది, అయితే ఫోను స్పీకరులో వింటే స్టీఫన్ క్రంప్ బాస్ సగం మాయమవుతుంది. హెడ్‌ఫోన్లు తప్పనిసరి. పన్నెండు రచనలు, గంటకు పైగా నిడివి. ఒక్క బిగిన వింటే నాకు అలసటే. పక్షుల పేర్లు పెట్టిన మూడింటిలో ‘గీస్’ ఇప్పటికీ కొరుకుడు పడలేదు.

మా నాన్న కచేరీలలో తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా మోగే ఘట్టం) రాగానే నిటారుగా కూర్చునే మనిషి. పోయిన దసరాకు ‘మిస్టరీ ఉమన్’ వినిపించాను. అది అయ్యేదాకా తొడ మీద వేళ్లు ఆగలేదు.

“సమం ఎక్కడుందో దొరకలేదురా, మళ్లీ పెట్టు” అన్నారు.