కుక్క దురదకి క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ షాంపూ: ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు

ముందే చెప్పేస్తాను, మా రాకీకి వాడిన షాంపూలన్నింటిలో నిజంగా గుణం కనిపించింది దీనితోనే. సీసా మీద క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం, మైకోనజోల్ 2 శాతం అని ఉంటుంది. వేర్వేరు పేర్లతో అమ్ముతారు కాబట్టి సీసా ముందువైపు కుక్క బొమ్మని పక్కన పెట్టి, వెనక్కి తిప్పి ఆ రెండు మందులూ ఉన్నాయో లేదో చూసి కొనండి. అయితే గోక్కునే ప్రతి కుక్కకీ ఇదే మందు అనుకుంటే మాత్రం డబ్బు దండగ, కుక్కకి బాధ మిగులుతుంది.

మాది లేత గోధుమ రంగు ల్యాబ్ (లాబ్రడార్), ఉండేది నెల్లూరు వేదాయపాళెం. అక్టోబరులో వానలు మొదలై డిసెంబరు దాకా గోడలు కూడా చెమ్మగిల్లుతాయి కదా, సరిగ్గా ఆ నెలల్లోనే రాకీకి చంకలు, గజ్జలు ఎర్రబడ్డాయి. ముందుకాళ్ల వేళ్ల సందుల్లో నాకీ నాకీ అక్కడి బొచ్చు తుప్పు రంగుకి తిరిగింది (ఎంగిలి తడి వల్ల వచ్చే రంగట అది). చెవి దగ్గర ముక్కు పెడితే దోశెల పిండి పులిసిపోయినట్టు వాసన. పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు చంకలో మామూలు సెల్లోటేపు ముక్క అంటించి తీసి, దానికి రంగు మందు వేసి మైక్రోస్కోపు కింద పెట్టి, నన్ను కూడా చూడమన్నారు. ఊదా రంగులో చిన్న చిన్న వేరుశనగ కాయల ఆకారంలో గుంపులు గుంపులుగా ఉన్నాయి. అది మలసీజియా అనే ఈస్ట్ (బూజు జాతి సూక్ష్మజీవి) అని, పక్కన గుండ్రని చుక్కలు బ్యాక్టీరియా అని చూపించారు. తర్వాత బ్లేడుతో చర్మం పైపైన గీకి గజ్జి పురుగులు ఉన్నాయేమో కూడా చూశారు, కనబడలేదు. ఇంత జరిగాకే ఈ షాంపూ రాశారు. నేను దీన్ని ఇంత నమ్మకంగా మెచ్చుకోవడానికి కారణం ఆ పరీక్షే, ఎందుకంటే మైకోనజోల్ ఈస్ట్‌ని, క్లోర్‌హెక్సిడిన్ ముఖ్యంగా బ్యాక్టీరియాని చంపుతాయి, రాకీ చర్మం మీద ఆ రెండూ ఉన్నాయి.

వాడే పద్ధతిలోనే అంతా ఉంది. ఒళ్లంతా తడిపి, నురగ పట్టించాక పది నిమిషాలు అలాగే ఉంచాలి, గడియారం చూసుకుని. రెండు నిమిషాల్లో కడిగేస్తే మందు పని మొదలుపెట్టక ముందే కాలవలోకి పోతుంది. ల్యాబ్‌ని పది నిమిషాలు కదలకుండా నిలబెట్టడం మాటలు కాదు, మా ఇంట్లో ఒకరు మెడ పట్టీ పట్టుకుంటే ఇంకొకరు వేళ్ల సందుల్లో, తోక కింద, చంకల్లో నురగని మెల్లగా రుద్దుతూ ఉంటాం. దురద చోట ఆ రుద్దుడు వాడికి హాయిగా ఉంటుందనుకుంటా, ఐదో నిమిషానికి కళ్లు మూసుకుని గోడకి ఆనుకుంటాడు. నీళ్లు చల్లగానో గోరువెచ్చగానో ఉండాలి, వేడి నీళ్లు దురదని రెచ్చగొడతాయి. కళ్లలో మాత్రం పడనీయకండి, క్లోర్‌హెక్సిడిన్ కంటిపొరని దెబ్బతీస్తుంది. చెవి లోపల కూడా పోయకూడదు, చెవికి వేరే మందు ఉంటుంది. మొదట్లో వారానికి రెండుసార్లు, తగ్గాక వారానికోసారి చేయమన్నారు, మేం అలాగే చేస్తున్నాం.

దీని సీసా మీద పెద్దక్షరాలతో ఉండాల్సిన సంగతి ఇంకోటుంది. ముందు మామూలు సబ్బుతో రుద్ది, అది సరిగ్గా పోకుండానే పైన దీన్ని పట్టిస్తే, సబ్బు క్లోర్‌హెక్సిడిన్‌ని పనిచేయనీయదు. మనుషుల సబ్బులు, షాంపూలు ఎలాగూ వద్దు, కుక్క చర్మం పై పొర మన చర్మం కంటే పలచన, అవి దాన్ని ఎండగట్టేస్తాయి. స్నానమయ్యాక పొడి తువ్వాలుతో వేళ్ల సందుల దాకా తుడిచి ఫ్యాను కింద పడుకోబెట్టాలి, మన ఉక్కకి తడి ఆరకపోతే ఈస్ట్ మళ్లీ మొదటికొస్తుంది.

గుణం సంగతికొస్తే, ముందు వాసన పోయింది, ఆ తర్వాత జిడ్డు తగ్గింది, ఎర్రదనం తగ్గడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. నాకడం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఇక్కడే చాలామంది షాంపూని తిడతారు. ఈస్ట్, బ్యాక్టీరియా చాలాసార్లు వెనకొచ్చే జబ్బులు, అసలు ఎలర్జీ అడుగున ఉంటుంది: ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనబడని పురుగులు, బూజు, పుప్పొడి, తిండి, ఫ్లీస్ (బొచ్చులో తిరుగుతూ రక్తం తాగే, గెంతే చిన్న పురుగులు) కాటు. వాటిని షాంపూ మాన్పలేదు, మాన్పుతానని సీసా మీద కూడా రాసి లేదు.

ఫ్లీస్ విషయం ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సన్నపళ్ల దువ్వెనతో నడుము మీద, తోక మొదట్లో దువ్వి, రాలిన నల్ల నలకల్ని తడి టిష్యూ కాగితం మీద వేయండి. నలకల చుట్టూ ఎర్రటి గోధుమ రంగు దిగితే అది ఫ్లీస్ రెట్ట, అంటే జీర్ణమైన రక్తం. వాటి ఎంగిలికి ఎలర్జీ ఉన్న కుక్కకి కొద్ది కాట్లే చాలు. అలాంటి కుక్కకి నెలకోసారి ఇచ్చే అఫోక్సోలానెర్ బిళ్ల, లేదా 12 వారాల దాకా పనిచేసే ఫ్లూరలానెర్ బిళ్ల డాక్టరుని అడగండి, మూర్ఛలు వచ్చే కుక్కైతే ఆ మాట తప్పకుండా చెప్పండి. గోమార్లకీ అవే బిళ్లలు పనికొస్తాయి. మెడ మీద వేసే చుక్కల మందు వాడితే దానికి ముందూ వెనకా రెండు రోజులు ఈ స్నానం ఆపాలి.

ఊళ్లో దురద అనగానే దొరికే సలహాలు చూస్తే నాకు భయమేస్తుంది. మా వీధిలో ఒక పెద్దాయన ఎంతో ప్రేమగా, "కాలిన ఇంజనాయిల్ పూయి అబ్బయ్యా, రెండు రోజుల్లో గజ్జి పోద్ది" అన్నారు. దయచేసి పూయకండి, కుక్క దాన్ని నాకుతుంది, విషం లోపలికి పోతుంది. ఒక షాపులో అయితే కుక్కని చూడకుండానే స్టెరాయిడ్ బిళ్లలు చేతిలో పెట్టబోయారు. వాటితో దురద వెంటనే ఆగుతుంది, నిజమే, కానీ గజ్జి పురుగుల్లో డెమోడెక్స్ రకం ఉంటే అది ఇంకా ముదురుతుంది, కుక్క తెగ నీళ్లు తాగి తెగ ఒంటికి పోస్తుంది. దురదకి ఓక్లాసిటినిబ్ అనే వేరే బిళ్ల కూడా ఉంది, అది ఏడాది లోపు కుక్కపిల్లలకి ఇవ్వరు, డాక్టరు చూసి రాయాల్సిందే.

తిండి మీద అనుమానముంటే కనీసం 8 వారాలు ఒకే పథ్యం పెట్టాలి, ఇంతకుముందు తినని మాంసంతో. రాకీకి కోడి, గుడ్డు, పాలు అన్నీ అలవాటే కాబట్టి డాక్టరుగారు ఉప్పూ కారం లేకుండా ఉడికించి ముళ్లు తీసిన చేప, అన్నం పెట్టమన్నారు. మన నెల్లూరులో చేపకేం కరువు. కష్టమంతా వచ్చేపోయే చుట్టాలు వేసే బిస్కెట్లతోనే, ఒక్క ముక్క తిన్నా లెక్క చెడిపోతుంది.

షాంపూలో నాకు నచ్చనివి రెండు. ల్యాబ్ సైజుకి సీసా ఇట్టే అయిపోతుంది, మామూలు కుక్కల సబ్బుతో చూస్తే ఖర్చు బాగా ఎక్కువ. రెండోది, వాడే విధానమంతా ఇంగ్లీషులో చీమతలకాయంత అక్షరాల్లో ఉంది, పది నిమిషాల మాట కూడా అందులోనే ఎక్కడో. అయిదుకి నాలుగు ఇస్తాను.

మూడు నాలుగు వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోతే ఇంకో సీసా కొనకండి, తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మనకి అందుబాటులోనే ఉంది, అక్కడ చూపించండి. వెళ్లే ముందు కొద్దిరోజులు ఏ స్నానమూ చేయించకండి, చేయిస్తే టేపుకి అంటుకోవాల్సినవన్నీ కడుక్కుపోతాయి. ఇప్పటిదాకా వాడిన మందుల సీసాలు, బిళ్లల అట్టలు మాత్రం సంచిలో వేసుకెళ్లండి.