మాట్లాడే డబ్బాతో అయిదేళ్లు

పర్లాకిమిడిలో మాది చిన్న కిరాణా కొట్టు. యూపీఐ డబ్బులు పడగానే పైకి చెప్పే స్పీకర్ డబ్బా పెట్టి అయిదేళ్లు దాటింది. మధ్యలో ఒకసారి డబ్బా మార్చారు, కంపెనీ మాత్రం అదే. తీసుకోవాలా వద్దా అని అడిగేవాళ్ల కోసం రాస్తున్నాను.

అద్దె జీఎస్టీతో కలిపి నెలకి 118 రూపాయలు, వాళ్లే కోసుకుంటారు. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ మీద 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర కోసుకునే రుసుము (ఎండీఆర్) లేదు కాబట్టి ఖర్చంతా ఈ అద్దే. క్యూఆర్ కాగితం ఒక్కటి చాలదా అంటే, ఫోను చేత్తో పట్టుకు కూర్చునేవాడికి చాలు. మా కొట్లో మధ్యాహ్నాలు ఉండేది నాన్న.

నాన్నకి డెబ్బై మూడేళ్లు. శుక్లం తీయించినా ఫోనులో అక్షరాలు ఆనవు. నోటైతే తడిమి చెప్పగలడు, మెసేజ్‌ని ఎలా తడుముతాడు? కరోనా తర్వాత అందరూ స్కాన్ చేయడం మొదలెట్టేసరికి గల్లా నాకు వదిలేసి, లోపల పప్పులు ఏరుకుంటూ కూర్చున్నాడు. డబ్బా వచ్చిన వారానికి మళ్లీ ముందుకొచ్చాడు. బిస్కెట్ ప్యాకెట్ బల్ల మీద పెట్టి దాని మీద చెయ్యి వేస్తాడు. "ఇరవై రూపాయలు" అని అది అన్నాకే చెయ్యి తీస్తాడు.

మొదట అది హిందీలో మాట్లాడింది. ఊరు ఒడిశాది కదా అని యాప్‌లో ఒడియా పెట్టాను. నాన్నకి ఒడియా బాగానే వచ్చు గానీ, డబ్బులు మాత్రం తెలుగులోనే లెక్కపెడతాడు. మూడో రోజుకి తెలుగులోకి మార్చేశాను. ఒడియా వాళ్లెవరూ ఏమీ అనలేదు. ఇక్కడ అంకెలు రెండు భాషల్లోనూ రానివాళ్లు తక్కువ.

ఇక తిట్లు. బ్యాటరీ కొత్తలో నాలుగు రోజులొచ్చేది, ఏడాదిన్నరకి ఒక పూటకి దిగింది, ఇప్పుడు వైరు పీకితే మూగే. లోపల దాని సిమ్ దానికి వేరే ఉంటుంది, మన ఫోనులో నెట్ ఉన్నా లాభం లేదు. మా కొట్లో దేవుడి పటం పక్క అరలోనే దానికి సిగ్నల్ అందుతుంది. పొద్దున్నే అగరొత్తి తిప్పేటప్పుడు నాన్న దాన్నీ కలిపేస్తాడు. ఒక్కోసారి పావుగంట పలకదు. తర్వాత ఖాళీ కొట్లో పది, నలభై, ఇరవై అయిదు అని వరసగా వాగేస్తుంది.

నిరుడు దసరా ముందు సాయంత్రం, పాతపట్నం నుంచి వచ్చినవాళ్లతో కొట్టు కిటకిటలాడుతోంది. ఒక కుర్రాడు నూనె, బెల్లం, ఇంకేవో కట్టించుకున్నాడు. 1,140 రూపాయలు. ఫోను చూపించాడు, పచ్చ టిక్కు ఉంది. డబ్బా నోరు విప్పలేదు. నాన్న సంచి వదల్లేదు. "అది చెప్పనేదు కదా బాబూ" అంటాడు. వెనక జనం తోసుకుంటున్నారు. "సర్వర్ స్లోగా ఉంది నాన్నా, ఇచ్చెయ్" అన్నది నేనే. రాత్రి చూస్తే ఆ పద్దు లేదు. పేరూ మొత్తమూ కొడితే టిక్కు చూపించే దొంగ యాపట. కస్టమర్ కేర్‌కి చేస్తే, రాని డబ్బుకి మేమేం చేస్తామన్నారు. కోపం వచ్చింది గానీ జవాబు దొరకలేదు.

అరువు పుస్తకం పోతుందనుకున్నాను, పోలేదు. "సర్వర్ డౌన్, రాత్రి వేస్తా" అనే కొత్త అరువు వచ్చి చేరింది. గుమ్మ వైపు కొండల నుంచి చింతపండు తెచ్చే సవర ఆడవాళ్లకి ఇప్పటికీ నోట్లే ఇవ్వాలి. చిల్లర గొడవ మాత్రం పోయింది, దాంతోపాటు చిల్లర బదులు అంటగట్టే చాక్లెట్ల అమ్మకమూ పడిపోయింది. బరంపురం హోల్‌సేల్‌కి నడుముకి డబ్బు కట్టుకుని బస్సెక్కే టెన్షన్ లేదు.

2025లో బెంగళూరు చిన్న వ్యాపారులకి యూపీఐ లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులు వచ్చాయని తెలిసి, మా బజార్లో ఇద్దరు క్యూఆర్ పీకేశారు. సరుకులమ్మే మాలాంటి కొట్లకి ఏడాదికి అమ్మకాలు 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్. మేము ఆ గీతకి చాలా ఇవతల ఉన్నాం, పీకలేదు.

అయిదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ బ్యాటరీకి. 1,140 రూపాయలు నా పద్దులో రాసుకున్నాను.