సార్స్‌ఫీల్డ్స్ వారి ఊరు థర్లెస్‌లో ఒక వారాంతం

ఐర్లండ్ వచ్చే మనవాళ్లలో ఆటల మీద ఆసక్తి ఉన్నవారు సాధారణంగా డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ చూసి సరిపెట్టుకుంటారు. 82,300 మంది పట్టే ఆ స్టేడియమూ, అందులోని మ్యూజియమూ తప్పక చూడదగినవే. 1920 నవంబరు 21న బ్రిటిష్ బలగాలు ఆట మధ్యలో కాల్పులు జరిపి 14 మంది ప్రాణాలు తీసింది అక్కడే. ఆనాడు మరణించిన టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ పేరే ఒక స్టాండుకు పెట్టారు. అయితే హర్లింగ్ (కర్రతో బంతిని కొట్టే ఆట), గేలిక్ ఫుట్‌బాల్ వంటి ఐర్లండ్ సంప్రదాయ క్రీడలకు, అంటే గేలిక్ ఆటలకు, ఊపిరి ఊళ్లలోని క్లబ్బులే కాబట్టి, ఒక క్లబ్బు చరిత్రను అది పెరిగిన నేల మీదే తెలుసుకోవాలనుకునేవారికి సార్స్‌ఫీల్డ్స్ అనే హర్లింగ్ క్లబ్బుకు నెలవైన, టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్టణమే మేలని నా అభిప్రాయం.

ప్రయాణం సులువు. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్‌లో కార్క్ వైపు వెళ్లే రైలెక్కితే సుమారు గంటంబావులో చేరుకోవచ్చు. అక్కడి నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న లిబర్టీ స్క్వేర్, గేలిక్ ఆటలు జరిగే సెంపుల్ స్టేడియం రెండూ నడిచి వెళ్లగలిగిన దూరంలోనే ఉన్నాయి. బస విషయంలో మాత్రం కాస్త ఆలోచించాలి. నేను ఊరి బయట ఒక అతిథిగృహంలో దిగాను. గది శుభ్రంగా ఉంది, ఉదయం ఫలహారం కడుపునిండా పెట్టారు, కానీ ఆదివారం సాయంత్రం టాక్సీ దొరక్క దీపాలు లేని రోడ్డు వెంట చాలాసేపు నడవవలసి వచ్చింది. పిల్లలతోనో పెద్దవారితోనో వచ్చేవారు స్క్వేర్ దగ్గరే గది తీసుకోవడం మంచిది.

ఆ స్క్వేర్‌లోనే హేస్ హోటల్ ఉంది. 1884 నవంబరు 1న మైకేల్ క్యూసాక్, మారిస్ డేవిన్ తదితరులు సమావేశమై గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించింది ఇక్కడే. సంఘానికి తొలి పోషకుడైన ఆర్చ్‌బిషప్ క్రోక్ సమాధి ఈ ఊరి కెథీడ్రల్‌లోనే ఉంది. 1887 తొలి అఖిల ఐర్లండ్ హర్లింగ్ పోటీలో టిప్పరరీ తరఫున ఆడి, మరుసటి ఏడాది ఏప్రిల్ 1న బర్ పట్టణంలో జరిగిన ఫైనల్లో గాల్వే కౌంటీకి చెందిన మీలిక్‌ను ఓడించింది థర్లెస్ జట్టే. 1906, 1908 పోటీలలో టిప్పరరీని గెలిపించిన టామ్ సెంపుల్ నాయకత్వం వహించిన ‘థర్లెస్ బ్లూస్’ వారసత్వాన్నే నేటి సార్స్‌ఫీల్డ్స్ క్లబ్బు కొనసాగిస్తోంది.

నన్ను అన్నిటికంటే కదిలించింది సెంపుల్ స్టేడియం మైదానం కథ. 1910లో ఊరి వ్యవసాయ ప్రదర్శన స్థలం అమ్మకానికి వచ్చినప్పుడు స్థానిక క్రీడాభిమానులు 900 పౌండ్లకు దాన్ని కొని, ఆ సొమ్ము కోసం ఊరివారికి వాటాలు అమ్మారు. 1956లో అసోసియేషన్‌కు అప్పగించేదాకా అది ఆ వాటాదారుల చేతుల్లోనే ఉంది; సెంపుల్ పేరు పెట్టింది 1971లో. జమీందారు దానమో ప్రభుత్వ నిధులో కాకుండా ఊరి డబ్బుతో నిలబడిన మైదానమని తెలిశాక, స్టాండులో కూర్చున్నప్పుడు కలిగే గౌరవమే వేరు.

క్లబ్బు చరిత్ర కూడా విజయాలతోనే నిండినది కాదు. జిమ్మీ డోయల్ లాంటి మేటి ఆటగాళ్లున్న కాలంలో 1955 నుంచి 1959 వరకూ, తిరిగి 1961 నుంచి 1965 వరకూ వరుసగా కౌంటీ టైటిళ్లు గెలిచిన సార్స్‌ఫీల్డ్స్, 1974 తర్వాత మరొకటి అందుకోవడానికి 2005 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆ మధ్యకాలం గురించే ఎక్కువ చెప్పారు.

హర్లింగ్ తెలియనివారికీ చూడటం కష్టం కాదు. జట్టుకు 15 మంది. యాష్ అనే చెట్టు కర్రతో చేసిన, అడుగున రేకుపట్టీ చుట్టిన బ్యాటుతో బంతిని గోల్ స్తంభాల మధ్య ఉన్న అడ్డుకర్ర మీదుగా కొడితే ఒక పాయింటు, కిందుగా వలలోకి పంపితే మూడు పాయింట్లకు సమానమైన గోల్. తెల్లకోటు వేసుకున్న అంపైరు మొదటిదానికి తెల్లజెండా, రెండోదానికి పచ్చజెండా ఎత్తుతాడు. ఆడేవారికి జీతాలు లేవు. సోమవారం మళ్లీ తమ ఉద్యోగాలకు వెళ్లిపోతారు.

సౌకర్యాలలో క్రోక్ పార్క్‌దే పైచేయి. క్లబ్బు ఆట కోసం థర్లెస్ వెళ్లదలచినవారు ఎండాకాలం చివరి నుంచి అక్టోబరు వరకూ ఉండే కౌంటీ పోటీల సమయాన్ని ఎంచుకోవాలి. అన్ని ఆటలూ సెంపుల్ స్టేడియంలోనే జరగవు గనుక వేదికను ముందుగా సరిచూసుకుని, ఆ తర్వాతే రైలు టికెట్టూ గదీ తీసుకోవాలి.